తుమ్మలపల్లె ఖనిజము – కల్పాక్కము పొగగొట్టము

కడప సీమలో పుట్టిన ఖనిజము ఏ రూపమున వెడలిపోయి తుదకు ఏ రూపమున గాలిలో కలియునో విచారించు హక్కు కడప సీమవారికి కలదు. పులివెందులకు సమీపమున, వేముల మండలమందలి తుమ్మలపల్లెలో యురేనియము గనికి 2007 నవంబరులో శంకుస్థాపన జరిగినది. 2012లో ఉత్పత్తి ప్రారంభమైనది. నడుమ 2011 జూలైలో నాటి అణుశక్తి సంఘాధ్యక్షులు శ్రీకుమార్ బెనర్జీగారు ఇచ్చట 49,000 టన్నుల నిక్షేపము నిర్ధారితమైనదనియు, అది మూడింతలు కావచ్చుననియు ప్రకటించిరి. ప్రపంచమునందలి గొప్ప నిక్షేపములలో నిది యొకటి యని పత్రికలు చాటినవి. అది మొదలు జమ్మలమడుగు రచ్చబండలమీదను, ప్రొద్దుటూరు అంగళ్లలోను ఈ గనిని గూర్చి వినవచ్చు ప్రశ్నలు మూడే: ఉద్యోగములెన్ని? పరిహారమెంత? నీరు చెడినదా? మూడును న్యాయమైన ప్రశ్నలే. గాలిని గూర్చి మాత్రము ఎవరును అడుగుట లేదు.

ముందుగా మన యింటిలోని సంగతి చూతము. తుమ్మలపల్లె ఖనిజము సున్నపురాతి జాతికి చెందిన డోలమైటు రాతిలో నిమిడియున్నది. ఇతర దేశములయందు ఇట్టి ఖనిజమును గంధకామ్లముతో కరగించుట వాడుక. ఇచ్చటి రాయి ఆమ్లమును తానే త్రాగివేయును గనుక ఆ పద్ధతి చెల్లదు. అందుచేత రాతిని పిండిచేసి, సోడా క్షారములతో, ప్రాణవాయువుతో, అధికపీడనమున ఉడికించి యురేనియమును రాబట్టుచున్నారు. దినమునకు 3,000 టన్నుల రాతిని పిండిచేయు శక్తితో ఈ కర్మాగారమును నిర్మించిరి. అందులో యురేనియము నూటికి పదవ వంతు పాలైనను లేదు. మిగిలిన దంతయు బురదయై చెరువునకు పోవును. లోకమున యురేనియము మిల్లులన్నిటి అనుభవ మేమనగా, రాతిలో మొదట నున్న రేడియో ధార్మికతలో నూటికి సుమారు 85 పాళ్లు ఈ బురదలోనే నిలిచిపోవును. రేడియము అందే యుండును. రేడియమునుండి రేడాను అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, 3.8 దినములలో సగము క్షయించును. క్షయించుచు ఘనపదార్థములుగా మారి ఊపిరితిత్తులలో నిలుచును. గనిలోపల పెద్దపంకాలతో గాలి నాడించుట ముఖ్యముగా దీనిని వెడలగొట్టుటకే.

కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె, కనంపల్లె మున్నగు గ్రామముల రైతులు వ్యర్థముల చెరువువలన బోరునీళ్లు చెడినవనియు, అరటితోటలు నాశనమైనవనియు ఏండ్ల తరబడి మొర పెట్టుకొనుచు వచ్చిరి. సంస్థవారు ఆ నింద నంగీకరింపలేదు. భూమిలోనే స్వభావముగా యురేనియమున్న ప్రాంతమిది యనిరి. ఆ వివాదమును నేడిచ్చట తీర్చబోము. నీటినిగూర్చి ఇంత వాదము జరుగగా గాలినిగూర్చి యొక్క లెక్కయైనను గ్రామస్థుల చేతికి తెలుగున అందలేదని మాత్రమే మా ఫిర్యాదు.

ఇక ఖనిజము ప్రయాణము. వేముల మండలమునుండి పసుపుపచ్చని పిండిగా వెడలిన యురేనియము హైదరాబాదునందు 1971లో స్థాపితమైన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సునకు చేరును. అచ్చట శుద్ధి పొంది, బిళ్లలుగా కాలి, జర్కోనియము గొట్టములలో నింపబడి ఇంధన మగును. స్వదేశ యురేనియముతో నడుచుటకు ఉద్దేశింపబడిన రియాక్టర్లలో చెన్నపట్టణమునకు దక్షిణమున సముద్రతీరమందలి కల్పాక్కము కేంద్రమొకటి. అచ్చట మండి దిగిన ఇంధనమును పలుదేశములవారు చెత్తగా నెంచి దాచిపెట్టుదురు. మనవారు అట్లు చేయరు. మనకు యురేనియము కొద్ది, థోరియము మెండు. కావున వాడిన ఇంధనమునుండి ప్లుటోనియమును వేరుచేసి మరల వాడవలెనని హోమీ భాభాగారు మూడంచెల ప్రణాళికను రచించిరి. దానికి అనుగుణముగా 1964లో ట్రాంబేయందును, అటుపిమ్మట తారాపూరునందును, 1998లో కల్పాక్కమునందును పునఃశోధన కర్మాగారములు వెలసినవి. 2024 జనవరిలో వేగరియాక్టరు ఇంధనమునకై మరియొక కర్మాగారము కల్పాక్కముననే జాతికి అంకిత మైనది. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్తు సాధింపవలెనని కేంద్రప్రభుత్వమువారు 2025 బడ్జెటులో సంకల్పము ప్రకటించిరి. అనగా ఈ పని ఇకముందు పెరుగునే గాని తరుగదు.

ఈ పునఃశోధనమందే మనము చెప్పదలచిన వాయువులు బయటపడును. రియాక్టరులో నున్నంతకాలము అవి కడ్డీలలోపల బందీలు. కర్మాగారమున కడ్డీలను ముక్కలుగా నరికి కాగుచున్న నత్రికామ్లములో వేయుదురు. ఇంధనము కరగును, వాయువులు బుడగలై పైకి లేచును. అందు ముఖ్యమైనవి అయొడిన్, క్రిప్టాన్, జెనాన్, ట్రిటియము, కార్బన్-14. వీని ఆయుర్దాయములు వింతగా నుండును. అయొడిన్-131 ఎనిమిది దినములలో సగమగును. ఇంధనమును నీటితొట్టిలో కొన్ని మాసములుంచినచో దాని బెడద తీరును. క్రిప్టాన్-85 సగమగుటకు 10.7 సంవత్సరములు. అయొడిన్-129 సగమగుటకు కోటి యేబదియేడు లక్షల సంవత్సరములు పట్టును. మన యుగముల లెక్కకు కలియుగమంతయు 4,32,000 సంవత్సరములు. అట్టి కలియుగములు ముప్పదియారు గడచినను దానిలో సగము మిగిలియుండును.

అయొడినుకు మనుష్యశరీరమున నిలయము గొంతునందలి థైరాయిడ్ గ్రంథి. గాలినుండి గడ్డికి, గడ్డినుండి ఆవునకు, ఆవుపాలనుండి బిడ్డకు అది చేరును. 1957 అక్టోబరులో ఇంగ్లండునందలి విండ్‌స్కేలు రియాక్టరు అంటుకొన్నపుడు సుమారు 500 చదరపు కిలోమీటర్లలోని పాలనంతటిని పారబోయించిరి. అది అపఘాతము. బుద్ధిపూర్వకముగా చేసిన పని యొకటి దానికి ముందే అమెరికాలో జరిగినది. 1949 డిసెంబరు 2, 3 తేదీలలో వాషింగ్టన్ రాష్ట్రమందలి హాన్‌ఫర్డ్ కర్మాగారమున, తొంబది నూరు దినములు చల్లార్చవలసిన ఇంధనమును పదునారు దినములకే తీసి కరగించి, వడపోత లేకుండ పొగగొట్టమునుండి విడిచిరి. అంతకుముందు ఆగస్టులో రష్యావారు తమ మొదటి బాంబును ప్రేల్చిరి. వారి రహస్య కర్మాగారములను దూరమునుండి గాలిని పట్టి కనుగొనవచ్చునా యని పరీక్షించుట ఈ పని యుద్దేశము. సుమారు 8,000 క్యూరీల అయొడిన్-131 పొలములమీద, పచ్చికబయళ్లమీద పడినది. అచ్చటి రైతులకు ఈ సంగతి 1986 వరకు తెలియదు. ముప్పదియేడు సంవత్సరములు! స్వేచ్ఛకు పుట్టినిల్లని చెప్పుకొను దేశమున, ప్రజల చేతనే ఎన్నుకొనబడిన ప్రభుత్వము, తన రైతుల పాలచెంబులో ఏమి కలిపినదో ముప్పదియేడు సంవత్సరములు చెప్పలేదు. పరదేశ ప్రభుత్వమే రహస్యములు దాచునని నమ్మినవారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

హాన్‌ఫర్డువారే ఆ తరువాత అయొడినును పట్టుటకు వెండిని వాడిరి. ప్రొద్దుటూరు వెండిబంగారముల బేరమున పేరుపొందిన పట్టణము గదా. వెండి గాలికి నల్లబారునని అచ్చటి బాలురకును తెలియును. గాలియందలి గంధకముతో అది కలియుటచే ఆ నలుపు వచ్చును. అయొడినుతోడను వెండికి అట్టి స్నేహమే కలదు. రెండును కలిసిన యెడల నీట కరగని, సులభముగా విడివడని పసుపుపచ్చని పదార్థ మేర్పడును. అయితే వెండి కడ్డీ నొకదానిని పొగగొట్టమున వ్రేలాడగట్టిన ప్రయోజనము లేదు. పైపొర మాత్రమే పనిచేసి లోపలి వెండి వ్యర్థమగును. వెండి తక్కువగను, దాని ఉపరితలము ఎక్కువగను ఉండవలెను. ఈ యవసరమునుండియే రంధ్రమయ పదార్థముల కథ నడచినది.

వేసవిలో మట్టికుండ చెమర్చి నీరు చల్లబడుట మన కందరకు నెరుక. కుండగోడలో కంటికి కనబడని రంధ్రములున్నవి. మన జమ్మలమడుగు నాపరాయిలో అట్టి రంధ్రములు లేనట్లే. కనుకనే ఇంటినేలకు అది పనికివచ్చును, కుండకు రాదు. కట్టెబొగ్గు కుండకంటె వేయిరెట్లు రంధ్రమయమైనది. టెంకాయచిప్పను కాల్చి, ఆవిరితో పదునుపెట్టిన బొగ్గు ఒక్క గ్రాము తీసికొని, దాని లోపలి గోడలనన్నిటిని పరచి కొలిచినయెడల సుమారు వేయి చదరపు మీటర్లు తేలును. అనగా చిటికెడు బొగ్గులో పావు ఎకరము పొలమున్నది. పట్టాపాసుపుస్తకము లేని పొలము! వాయువు ఆ గోడలమీద బెల్లముమీద ఈగ వాలినట్లు వాలి నిలుచును. దీనినే శాస్త్రజ్ఞులు అధిశోషణమందురు. గుడ్డ నీటిని పీల్చినట్లు లోనికి పీల్చుట వేరు, ఇట్లు పైన నిలుపుకొనుట వేరు. మొదటి ప్రపంచయుద్ధమున విషవాయువునుండి సైనికులను కాపాడిన ముసుగులలో నుండినది ఈ బొగ్గే. 1918లో అమెరికా ప్రజలు పీచుపండ్ల టెంకలను ప్రోగుచేసి బొగ్గునకై ప్రభుత్వమున కిచ్చిరి.

రియాక్టరు భవనములయందు నేటికిని బొగ్గే కావలి కాయుచున్నది. పునఃశోధన కర్మాగారమున మాత్రము బొగ్గు పనికిరాదు. అచ్చటి గాలిలో నత్రికామ్లపు పొగలు దట్టముగా నుండును, బొగ్గు మండునది, రెంటిని చేర్చుట నిప్పును కోరి తెచ్చుకొనుటయే. కాబట్టి మండని రాతిని వెదకిరి. 1756లో స్వీడన్ దేశపు క్రాన్‌స్టెడ్ అను ఖనిజవేత్త యొక రాతిని వేడిచేయగా అది ఉడికినట్లు ఆవిరి గ్రక్కినది. దానికి ‘ఉడుకురాయి’ యను నర్థమున జియోలైటని పేరుపెట్టెను. పూనా, నాసిక ప్రాంతముల నల్లరాతి పొరలలో చక్కని జియోలైటు స్ఫటికములు దొరకును. వీని రంధ్రములు బొగ్గు రంధ్రములవలె చిన్నవి పెద్దవి కలగాపులగముగా నుండక, తేనెపట్టు గదులవలె సరిసమానముగా నుండును. మోర్డెనైటు అను జాతి ఆమ్లమునకు లొంగదు. దాని గదులలో వెండిని ప్రవేశపెట్టినచో అయొడిన్ అందు చిక్కును. వెండి పూసిన అల్యూమినా, సిలికా గుండ్లును ఇందులకు వాడుకలో నున్నవి. జర్మనీదేశపు కార్ల్స్‌రూహే కర్మాగారమున వీనిని వాడిరి. ఖర్చు అధికమే. ఒకసారి అయొడినుతో పెండ్లాడిన వెండి మరల అంగడికి రాదు. కావున వెండి లేకుండ జింకు మున్నగు చవుక లోహములతో అయొడినును పట్టు పదార్థములకై వెదకుచున్నారు. 2011లో అమెరికాయందలి సాండియా పరిశోధనశాలవారు జింకుతో కట్టిన యొక జాలకము తన బరువును మించిన అయొడినును ఇముడ్చుకొనునని చూపిరి.

ఫ్రాన్సువారి లా హేగ్ కర్మాగారమున వేరొక మార్గము. అచ్చట అయొడినులో అధికభాగమును క్షారజలమున కరగించి సముద్రమున విడుచుచున్నారు. సముద్రమున స్వభావసిద్ధమైన అయొడిన్ అపారముగా నున్నది గనుక ఇది అందులో పలుచనై పోవునని వారి వాదము. నిజమే, పలుచనగును. కోటి సంవత్సరముల సరుకును పొరుగువారితో పంచుకొనుట న్యాయమా యని సముద్రము నడుగలేము.

అయొడినుకంటె కఠినమైనది క్రిప్టాన్. అది, జెనాను, హీలియము ఒక వంశమువి, జడవాయువులు. హీలియము చరిత్ర మన గుంటూరుతో ముడిపడి యున్నది. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును జాన్సెన్ అను ఫ్రెంచి పండితుడు అచ్చటినుండియే పరిశీలించెను; ఆ నాటి గ్రహణ పరిశీలనలే హీలియము జాడ దొరకుటకు దారితీసినవి. 1898లో రామ్సే, ట్రావర్సు అను ఇంగ్లండు శాస్త్రజ్ఞులు గాలినుండి క్రిప్టానును, జెనానును వేరుచేసిరి. గ్రీకుభాషలో క్రిప్టాన్ అనగా దాగినది, జెనాన్ అనగా అపరిచితుడు. తమాషా యేమనగా, పునఃశోధన ఎచ్చట రహస్యముగా జరిగినను గాలిలోని క్రిప్టాన్-85 దానిని వెల్లడించును; దాగినది యని పేరుగల వాయువే దాగినవారిని పట్టి యిచ్చును.

ఈ జడవాయువులు వెండితో గాని, క్షారముతో గాని, మరి దేనితో గాని సాధారణముగా కలియవు. సన్యాసికి సంసారమువలె వీనికి రసాయన బంధము పొసగదు. గాలిని అతిశీతలముగా చేసి ద్రవముగా మార్చి వేరుచేయవచ్చును. జెనాన్ సున్నకు దిగువ 108 డిగ్రీలకును, క్రిప్టాన్ 153 డిగ్రీలకును ద్రవమగును. అమెరికాలోని ఐడహోయందు అట్లు చేసి చూచిరి. అది విపరీతమైన ఖర్చు. శీతలయంత్రములో ఓజోను కూడబడి ప్రేలు భయమును కలదు. వీనిని పట్టుటకు మిగిలిన యుపాయ మొకటే: సరిగా ఆ పరమాణువు పట్టునంత గది కట్టుట. బంధుత్వము లేకున్నను, ఒంటికి సరిపోయిన గదిలో నలుప్రక్కల గోడలు తగిలి అతిథి నిలిచిపోవును.

ఇట్టి గదులను ఇంజనీరు ఇల్లు కట్టినట్లు లోహములతోను, కర్బన పదార్థములతోను కోరిన కొలతకు కట్టవచ్చునని చూపినందులకే 2025 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము కితగావా, రాబ్సన్, యాఘీ యను ముగ్గురికి వచ్చినది. వీనిని లోహకర్బన జాలకములనవచ్చును. కొన్నిటిలో గ్రాముకు ఎకరమున్నరకు మించిన వైశాల్యము కలదు. మన కానందము కలిగించు విషయ మింకొకటి. హైదరాబాదు విశ్వవిద్యాలయమున గౌతమ దేశిరాజుగారి వద్ద స్ఫటికశాస్త్రమున పరిశోధనచేసిన తాళ్ళపల్లి ప్రవీణ్‌గారు అమెరికాలో రిచ్‌లండ్ పట్టణమందలి జాతీయ పరిశోధనశాలలో ఈ పనికి పూనుకొన్నారు. రిచ్‌లండ్ అనగా హాన్‌ఫర్డు కర్మాగారపు ఊరే. 1949లో పొగగొట్టము తెరచినది ఆ చెంతనే. వారును వారి సహచరులును లక్షకు పైగా జాలకములను గణనయంత్రముచే పరిశీలింపజేసి, అందొకదానిని ఎన్నుకొని తయారుచేసి, 2016లో ఫలితములను ప్రకటించిరి. దాని రంధ్రము జెనాన్ పరమాణువునకు కుట్టించిన అంగీవలె సరిపోవును. దాని లోహము కాల్షియము. మన నాపరాతిలో, మన సున్నపుబట్టీలలో నున్న కాల్షియమే. అది సాధారణోష్ణమున, తేమగాలిలో సైతము పనిచేసినది.

జెనాన్ పట్టుటవలన క్రిప్టాన్ సమస్య ఎట్లు తీరునని పాఠకులడుగవచ్చును. చల్లారిన ఇంధనమునందలి జెనానులో రేడియో ధార్మికత లేనట్లే. కాని అది క్రిప్టానుకు సుమారు పదిరెట్లుండును. ముందు వచ్చి గదులన్నియు ఆక్రమించి క్రిప్టానుకు చోటు లేకుండ చేయును. దానిని మొదటి తొట్టిలో దించివేసినచో రెండవ తొట్టి చిన్నదైనను క్రిప్టానుకు చాలును. ఆ జెనాను నమ్ముకొనవచ్చును గూడ. దీపములకు, వైద్యమునకు దానికి గిరాకీ కలదు. క్రిప్టానును ఉక్కు సీసాలలో సుమారు 108 సంవత్సరములు కాచినచో వేయింట నొకవంతగును. మునిమనుమల నాటికి తీరు ఋణమిది. అయొడిను వంటిది కాదు.

ఈ జాలకములు వికిరణమునకును, ఆమ్లపు పొగలకును ఏండ్ల తరబడి తాళవలెను. టన్నుల కొలదిగా చవుకగా తయారు కావలెను. నేటికిని అవి ముఖ్యముగా పరిశోధనశాలల సొత్తు. క్రిప్టానును లోకమున పునఃశోధన కర్మాగారములు సాధారణముగా ఎత్తైన పొగగొట్టమునుండి విడిచిపెట్టుచునే యున్నవి; లా హేగ్ అందు అగ్రగణ్యము. దానివలన ఒక్కొక్క మనిషికి కలుగు మోతాదు బహుస్వల్పమని శాస్త్రజ్ఞులనుట సత్యమే, మేము దానిని కాదనము. కాని స్వల్పమైనది ఎంత? ఎవరు కొలిచిరి? ఎవరికి చెప్పిరి? అమెరికావారు 1977లోనే శాసనము చేసి, 1983 తరువాత మండిన ఇంధనమునుండి వెలువడు క్రిప్టానుకును అయొడినుకును హద్దు విధించిరి. అయితే ఆ దేశమున పౌర ఇంధన పునఃశోధన అప్పటికే మూతబడి యుండినది! పునఃశోధన చేయనివారు కఠినశాసనము వ్రాసికొనగా, దానిని జాతీయ విధానముగా చేపట్టిన మనము అట్టి హద్దును, ఏటేట విడిచిన లెక్కను సామాన్యునకు తెలియు భాషలో ప్రకటింపవలదా? అణుశక్తి నియంత్రణ మండలివారి నివేదికలు ఇంగ్లీషున వెలువడును. వేముల మండలపు రైతు వానిని చదువుట ఎట్లు?

అణుశక్తియే వలదని మేమనము. బొగ్గు మండించుటలోని కీడేమో ముద్దనూరు ప్రక్కనే యున్న థర్మల్ కేంద్రపు బూడిదను చూచిన జమ్మలమడుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. స్వదేశ ఖనిజముతో స్వదేశ విద్యుత్తు పుట్టుట మంచిదే. అయితే గని త్రవ్వుటకు వందల కోట్లు దొరకును, రియాక్టరుకు వేలకోట్లు దొరకును, పొగగొట్టమున వెండిజియోలైటు తొట్టి యుంచవలసి వచ్చునప్పటికి మాత్రమే పొదుపు గుర్తుకు వచ్చుట తగదు. ట్రాంబేయందును, కల్పాక్కమునందును సమర్థులైన రసాయనశాస్త్రజ్ఞు లున్నారు. మన విశ్వవిద్యాలయమున చదివినవారు రిచ్‌లండులో చేయగల పని ఇచ్చట చేయలేకపోవుటకు కారణము కనబడదు. కొత్తగా కట్టు ప్రతి పునఃశోధన కర్మాగారపు అంచనాలోను అయొడిను, క్రిప్టానులను పట్టు తొట్లకు పద్దు వేరుగా వ్రాయవలెనని పార్లమెంటు సభ్యులు పట్టుబట్టవలెను.

ఇది ఢిల్లీలో జరుగవలసినది. ఇచ్చట జరుగవలసినది చాల చిన్నది. ఇండ్లలోని రేడానును కొలుచుటకు అరచేతిలో పట్టు డబ్బీలో పోసిన బొగ్గు చాలును. మూత తీసి రెండు మూడు దినములు గదిలో నుంచి, మరల మూసి, ఆలస్యము చేయక పరికరమున లెక్కింతురు. ఆ బొగ్గు రంధ్రములలో నిలిచిన రేడానే సాక్ష్యము చెప్పును. కొట్టాల, కనంపల్లె, మబ్బుచింతలపల్లె, రాచకుంటపల్లె గ్రామములలో ఇంటికొక డబ్బీ యుంచి, సరిచూచుకొనుటకు జమ్మలమడుగులోను ప్రొద్దుటూరులోను కొన్ని యుంచి, వేసవిలో నొకమారు, తలుపులు మూసికొను చలికాలమున నొకమారు కొలువవలెను. కడపయందలి యోగి వేమన విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర విద్యార్థులు పూనుకొన్న యెడల ఈ పని యేడాదిలో ముగియును. సంస్థవారు లెక్కింపు పరికరము నిచ్చి తోడ్పడినచో వారికే మేలు. ఫలితములు ఎట్లున్నను, ఏ గ్రామమున ఎంతయో, ఈ పుటలోనే ప్రకటింతుము.